బిగించిన మర్నాటి నుంచి: నెట్‌వర్క్ కెమెరాల అమరిక, అప్‌డేట్

(విజయవాడలో అపార్ట్‌మెంట్ సంఘాల ప్రతినిధులు, కెమెరాలు బిగించే పనివారు హాజరైన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఈ హాలులో ముందు వరుసల్లో అపార్ట్‌మెంట్ సంఘాల కార్యదర్శులు, కోశాధికారులు కూర్చున్నారు. వెనుక వరుసల్లో నిచ్చెనలెక్కి కెమెరాలు బిగించే తమ్ముళ్లు కూర్చున్నారు. ఒకే పనికి రెండు కొసలు పట్టుకున్న మీరు బిల్లు చెల్లించే రోజున తప్ప ఎదురెదురుగా కూర్చోవడం అరుదు. అందుకే మీరిద్దరూ కలిసి వినవలసిన మాటలనే ఈ సాయంత్రానికి ఎంచుకున్నాను.

కొన్నేళ్ల కిందట ఒక అపార్ట్‌మెంటు సెల్లారులో రాత్రికి రాత్రి రెండు స్కూటర్లు పోయాయి. కార్యదర్శి గారు పిలిస్తే వెళ్లాను. వాచ్‌మన్ గదిలో అటక మీద రికార్డరు ఉంది. దాని మూత మీద వేలితో పేరు రాయగలిగినంత దుమ్ము పేరుకుని ఉంది. పక్కన గోడకు అంటించిన మాస్కింగ్ టేపు మీద మార్కరుతో ‘అడ్మిన్’ అనీ, దాని కింద ఆరు అంకెలూ రాసి ఉన్నాయి. కింద తెర మీద ఎనిమిది గళ్లలో ఎనిమిది కెమెరాల దృశ్యాలు చక్కగా కదులుతున్నాయి. ‘అన్నీ పనిచేస్తూనే ఉన్నాయి కదండీ’ అన్నాడు వాచ్‌మన్. వెనక్కి వెళ్లి చూద్దామని క్యాలెండరు తెరిస్తే ఒక్క రోజు మీద కూడా రికార్డింగు గుర్తు లేదు. తెర మూలన గడియారం 2000వ సంవత్సరం జనవరి అని చూపిస్తోంది. హార్డ్ డిస్కు ఎప్పుడో పాడైపోయింది. పాడైనప్పుడు రికార్డరు ఊరుకోలేదు, బీప్ బీప్ మని మొత్తుకుంది. ఆ చప్పుడుకు నిద్ర పట్టడం లేదని సంక్రాంతి ముందు ఎవరో వచ్చి ఆ అలారం ఆపేసి వెళ్లారట. స్కూటర్లు పోయింది మే నెలలో.

ఆ అపార్ట్‌మెంటులో కెమెరాల కోసం డబ్బు వసూలు చేసిన వారున్నారు, వాటిని బిగించిన వారున్నారు, రోజూ తెర ముందు కూర్చునే మనిషి ఉన్నాడు. ‘ఆ పెట్టె బాధ్యత నాది’ అనే మనిషి మాత్రం ఆ నలభై ఇళ్లలోనూ ఒక్కరు లేరు. నేను చెప్పబోయేదంతా ఆ లోటు చుట్టూ తిరుగుతుంది. కెమెరా బిగించడం ఒక రోజు పని. బిగించిన మర్నాటి నుంచి అది పనిచేసినన్నాళ్లూ దానికి పేరు చెప్పగలిగిన యజమాని ఒకరు ఉండాలి.

ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నానంటే, నెట్‌వర్క్ కెమెరా ఒక కంప్యూటరు. పాత అనలాగ్ కెమెరా తాను చూసినదాన్ని ఒక తీగ వెంట పంపడం తప్ప మరేమీ చేయలేదు. స్వీడన్‌కు చెందిన యాక్సిస్ సంస్థ 1996లో మొదటి నెట్‌వర్క్ కెమెరాను అమ్మకానికి పెట్టినప్పటి నుంచి ఆ లెక్క మారింది. ఇప్పుడు మీ గేటు మీద ఉన్న కెమెరాలో ప్రాసెసరు ఉంది, మెమరీ ఉంది, చాలావాటిలో లినక్స్ మీద నడిచే వ్యవస్థ ఉంది, బ్రౌజరులో తెరవడానికి ఒక చిన్న వెబ్ సర్వరు ఉంది. ఇంట్లో కంప్యూటరుకు, ఫోనుకు అప్‌డేట్లు వస్తే మనం గమనిస్తాం, ఎందుకంటే వాటిని రోజూ చేతితో తాకుతాం. పన్నెండు అడుగుల ఎత్తున ఉన్న కంప్యూటరును మాత్రం బిగించిన రోజు తర్వాత ఎవరూ తాకరు. తాకేది బయటివాళ్లే.

2016లో మిరాయ్ అనే ప్రోగ్రాము సరిగ్గా అదే పని చేసింది. అది ఇంటర్నెట్‌లో చిరునామాలు వెదుక్కుంటూ పోయి, టెల్‌నెట్ అనే పాత తలుపు తెరిచి ఉన్న కెమెరాలను, రికార్డర్లను, రౌటర్లను తట్టేది. కంపెనీలు ఫ్యాక్టరీలోనే పెట్టి పంపే యూజర్ పేర్లు, పాస్‌వర్డ్‌లు ఒక 60కి పైగా జంటలను వరుసగా ప్రయత్నించేది. అంతకు మించిన మాయ అందులో లేదు. లొంగిన పరికరాలన్నిటినీ ఒక సైన్యంలా కూడగట్టి, 2016 అక్టోబరు 21న వెబ్‌సైట్ల పేర్లకు ఇంటర్నెట్ చిరునామాలు చూపించే, అమెరికాలోని డిన్ అనే సంస్థ మీదికి ఉసిగొల్పితే, ట్విటర్, నెట్‌ఫ్లిక్స్, రెడిట్ వంటివి ఎంతోమందికి గంటల తరబడి అందలేదు. పరికరాల సొంతదారులకు ఈ సంగతే తెలియదు, వాళ్ల తెర మీద గేటు కనబడుతూనే ఉంది. తమ్ముళ్లు ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. మిరాయ్ మెమరీలోనే బతికేది కాబట్టి, కరెంటు తీసి పెడితే పోయేది. కానీ పాస్‌వర్డ్ మార్చకపోతే కొద్ది నిమిషాల్లోనే తిరిగి పట్టుకునేది. ‘ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేశాను, సరిపోయింది’ అనే మాట మన వృత్తిలో రోజూ వినబడుతుంది. ఏది సరిపోయిందో అడిగి తెలుసుకోవాలి.

అది దూరదేశపు సంగతి అనిపించవచ్చు. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి లోపలి దృశ్యాలు యూట్యూబ్‌లోనూ టెలిగ్రామ్‌లోనూ ప్రత్యక్షమయ్యాయి, అమ్మకానికి కూడా వచ్చాయి. ఆ కెమెరాలకు సులువుగా ఊహించగల పాస్‌వర్డే ఉండిపోయిందని పత్రికలు రాశాయి. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వైద్యం కోసం వచ్చిన ఆడబిడ్డలు వాళ్లు. పాస్‌వర్డ్ సంగతి తర్వాత, రోగిని పరీక్షించే గదిలోకి చూసే కెమెరాను అసలు బిగించనే కూడదు. ఎంత డబ్బిస్తామన్నా ఆ పని చేయనని చెప్పే హక్కు, బాధ్యత బిగించేవారికి ఉన్నాయి.

ఇక పనిలోకి వద్దాం. ముందుగా తీగ గురించి చెబుతాను, ఎందుకంటే మొదటి మోసం అక్కడే జరుగుతుంది. పీఓఈ పద్ధతిలో ఒకే నెట్‌వర్క్ కేబులు మీద కెమెరాకు డేటా, కరెంటు రెండూ వెళ్తాయి. కెమెరాల తీగలన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ స్విచ్ నుంచి కెమెరా దాకా 100 మీటర్లు దీని హద్దు. మార్కెట్లో చవకగా దొరికే కేబులులో రాగి పూత పూసిన అల్యూమినియం తీగ ఉంటుంది. చూపుకు రాగిలాగే ఉంటుంది, కానీ అల్యూమినియానికి నిరోధం ఎక్కువ. పగలంతా కెమెరా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. చీకటి పడగానే ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి, కరెంటు ఎక్కువ లాగుతాయి, పొడవాటి తీగలో వోల్టేజి పడిపోతుంది, కెమెరా ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది. రాత్రంతా ఇదే తంతు. తెల్లవారి ఫిట్టరు వచ్చి చూసేసరికి అంతా బాగానే ఉంటుంది. ఒక అపార్ట్‌మెంటులో ఇలాగే మూడు కెమెరాలు మార్చారు, నాలుగోదీ అలాగే ప్రవర్తించాక గానీ ఎవరూ తీగను అనుమానించలేదు. చాకుతో తీగ కొసను కొద్దిగా గీకి చూస్తే లోపల తెల్లగా మెరిసింది. సంఘాల పెద్దలు కొటేషన్ తీసుకునేటప్పుడు పూర్తి రాగి కేబులు అనే మాటను కాగితం మీద రాయించుకోవాలి.

తర్వాతిది నిల్వ లెక్క. ఒక కెమెరా సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున పంపుతుంటే రోజుకు దాదాపు 43 గిగాబైట్లు అవుతుంది. ఎనిమిది కెమెరాలకు 345 గిగాబైట్లు. 2 టెరాబైట్ల డిస్కు ఆరు రోజులు కూడా రాదు. నెల రోజుల రికార్డింగు ఉంటుందని చెప్పి ఆ డిస్కు అమర్చితే, అది తెలియక చేసినా తెలిసి చేసినా తప్పే. నెలకు 10 టెరాబైట్లకు పైగా కావాలి. దృశ్యాన్ని మరింత కుదించే హెచ్.265 పద్ధతిలో రేటును సగానికి తగ్గించగలిగితే సగం చాలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం కింద జనం ఎక్కువగా వచ్చే సంస్థలు 30 రోజుల దృశ్యాలను ఉంచాలి కాబట్టి, దుకాణాలకు, ఫంక్షన్ హాళ్లకు పనిచేసేవారు ఈ లెక్కను వేలి కొసల మీద ఉంచుకోవడం మంచిది. మామూలు కంప్యూటరు డిస్కు కాకుండా, రాత్రింబవళ్లు రాయడానికి తయారు చేసిన నిఘా డిస్కునే వాడాలి.

గడియారం గురించి రెండు మాటలు. రికార్డరు, కెమెరాలు అన్నీ నెట్‌వర్క్ మీదుగా గడియారాన్ని సరిచేసే ఎన్‌టీపీ ద్వారా ఒకే సమయం తీసుకునేలా, భారత కాలమానంలో ఉండేలా అమర్చాలి. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టుకు ఇచ్చేటప్పుడు ఫైలు మారలేదని చూపించే హ్యాష్ విలువతో సహా ధ్రువపత్రం జతచేయాలి. ఇంత జాగ్రత్తగా ఇచ్చిన దృశ్యం మీద 2000 జనవరి అని ఉంటే, ఎదుటి పక్షం వకీలు మొదటి ప్రశ్న అక్కడే వేస్తారు.

ఇప్పుడు అసలు విషయం, తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? కొత్త కెమెరాలు మొదటిసారి తెరవగానే మనచేత పాస్‌వర్డ్ పెట్టించుకుంటున్నాయి. ఇది మంచి మార్పు. బ్రిటన్‌లో అయితే 2024 ఏప్రిల్ 29 నుంచి అన్ని పరికరాలకూ ఒకే పాస్‌వర్డ్ పెట్టి అమ్మడం చట్టవిరుద్ధమైంది. అయినా మన దగ్గర జరుగుతున్నదేమిటి? ఫిట్టరు తన సౌకర్యం కోసం తాను బిగించిన యాభై చోట్లా ఒకే పాస్‌వర్డ్ పెడతాడు. అది మరిచిపోతే తిరిగి పొందడానికి అడిగే ఈమెయిల్ దగ్గర తన మెయిలే ఇస్తాడు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి రికార్డరును తన ఫోను యాప్‌లోని ఖాతాకే కలుపుతాడు, సంఘం వారికి ఆ ఖాతా నుంచి ‘షేర్’ చేస్తాడు. దురుద్దేశంతో చేసే పని కాదు, నాకు తెలుసు. ‘రేపు మళ్లీ నన్నే పిలుస్తారు కదా’ అనే ఆలోచనతో చేసేది. కానీ ఆ ఫోను పోతే యాభై ఇళ్ల గుమ్మాలు ఇంకెవరి చేతిలోకో వెళ్తాయి. అతను ఊరు మారితే, ఆ రికార్డరును ఆ ఖాతా నుంచి విడిపించుకోవడానికి సంఘం వారు కంపెనీ చుట్టూ తిరగాలి.

కాబట్టి పని అప్పగించే రోజున ఒక పద్ధతి పాటించమని ఇద్దరినీ కోరుతున్నాను. సంఘం పేరిట ఒక ఈమెయిల్, దానికి రెండంచెల ధ్రువీకరణ, ఆ మెయిలుతోనే యాప్ ఖాతా. అడ్మిన్ పాస్‌వర్డును కార్యదర్శే తన చేత్తో టైపు చేయాలి, ఫిట్టరు తల పక్కకు తిప్పుకోవాలి. ఫిట్టరుకు పని ఉన్నప్పుడు వాడుకోవడానికి వేరే యూజరు, వాచ్‌మన్‌కు చూడటానికి మాత్రమే వీలున్న మరో యూజరు. పాస్‌వర్డును కాగితం మీద రాసి కవరులో పెట్టి, సంఘం దస్తావేజులు ఉంచే బీరువాలో దాచాలి. కార్యవర్గం మారిన ప్రతిసారీ ఖాతా పుస్తకాలతో పాటు ఆ కవరు కూడా చేతులు మారాలి, ఆ రోజే పాస్‌వర్డ్ మారాలి.

దూరం నుంచి చూడటం గురించి చాలామంది అడుగుతుంటారు. తెనాలిలోనో భీమవరంలోనో అమ్మానాన్నలు ఒంటరిగా ఉంటారు, డల్లాస్‌లో ఉన్న కొడుకు హాల్లో కెమెరా పెట్టిస్తాడు. ‘అమ్మ మందులు వేసుకుందో లేదో చూసుకుంటాను అంకుల్’ అని ఒక అబ్బాయి నాతో అన్నాడు. ఆ ప్రేమను నేను గౌరవిస్తాను. అందుకే ఆ కన్ను ఆ కొడుక్కి తప్ప వేరెవరికీ కనబడకూడదు. ఇందుకోసం రౌటరులో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టడం, అంటే బయటి నుంచి నేరుగా కెమెరా దాకా దారి తెరవడం, పాత అలవాటు. 80, 554, 8000, 37777 వంటి పోర్టులు తెరిస్తే ప్రపంచమంతటికీ మన ఇంటి కిటికీ తెరిచినట్టే. ఆ పోర్టులను వెదకడమే పనిగా రాత్రింబవళ్లు తిరిగే యంత్రాలున్నాయి. యూపీఎన్‌పీ అనే సదుపాయం ఆన్‌లో ఉంటే మనం తెరవకపోయినా కెమెరా తనంతట తానే రౌటరును అడిగి తెరిపించుకోగలదు కాబట్టి, దాన్ని రౌటరులోనూ కెమెరాలోనూ ఆపేయాలి. సాంకేతికం తెలిసినవారు ఉన్నచోట వీపీఎన్, అంటే ఇంటి నెట్‌వర్క్‌లోకి తాళం వేసిన సొంత దారి, అన్నిటికంటే మేలు. లేనిచోట కంపెనీ యాప్ ద్వారా చూడవచ్చు, కానీ అప్పుడు ఆ కంపెనీ సర్వరును కూడా నమ్ముతున్నామని తెలిసి నమ్మాలి. 2021 మార్చిలో అమెరికాలోని వెర్కాడా అనే సంస్థ నిర్వాహక ఖాతా చొరబాటుదారుల చేతికి చిక్కితే, దాదాపు 1,50,000 కెమెరాలు ఒక్కసారిగా వాళ్లకు తెరుచుకున్నాయి. పడక గదిలో, స్నానాల గది వైపు చూసే చోట కెమెరా వద్దని నేను చెప్పేది ఇందుకే.

కెమెరాలను ఇంటి వైఫైలోనే ఉన్న కంప్యూటర్లతో, ఫోన్లతో కలపకుండా, ఒకే నెట్‌వర్క్‌ను వేరువేరు భాగాలుగా విడదీసే వీల్యాన్‌తోనో ప్రత్యేకమైన స్విచ్‌తోనో విడిగా ఉంచాలి. రికార్డరు ఒక్కటే బయటికి వెళ్లగలిగితే చాలు.

ఇక ఫర్మ్‌వేర్, అంటే కెమెరా లోపల ఉండి దాన్ని నడిపే ప్రోగ్రాము, దాని అప్‌డేట్. అందరూ వాయిదా వేసే పని ఇదే కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. 2021 సెప్టెంబరులో హిక్‌విజన్ కెమెరాల్లో ఒక లోపం బయటపడింది. పాస్‌వర్డ్ అవసరమే లేకుండా, వెబ్ సర్వరుకు ఒక ప్రత్యేకమైన సందేశం పంపి కెమెరాను పూర్తిగా స్వాధీనం చేసుకోవచ్చు. తీవ్రత కొలమానంలో దానికి 10కి 9.8 ఇచ్చారు. కంపెనీ వెంటనే సరిచేసిన ఫర్మ్‌వేర్ విడుదల చేసింది. దాదాపు ఏడాది తర్వాత, 2022 ఆగస్టులో, ఒక భద్రతా సంస్థ లెక్కిస్తే 80,000కు పైగా కెమెరాలు ఇంకా పాత ఫర్మ్‌వేర్‌తోనే ఇంటర్నెట్‌లో కనబడ్డాయి. మందు దొరికింది, ఎవరూ వేయలేదు. ఎంత గట్టి పాస్‌వర్డ్ పెట్టినా ఇలాంటి లోపం ముందు అది పనికిరాదు, అందుకే పాస్‌వర్డ్ మార్చడంతో పని అయిపోయిందని అనుకోకూడదు.

అప్‌డేట్ చేసే ముందు కెమెరా మీది స్టిక్కరులో ఉన్న మోడలు సంఖ్యను పూర్తిగా, చివరి అక్షరం దాకా చూడాలి. ఒకే పేరుతో అమ్మే కెమెరాల్లో లోపలి చిప్పు వేరుగా ఉండవచ్చు, ఒక దేశానికి తయారైన కెమెరా మరో దేశపు ఫర్మ్‌వేరును తీసుకోకపోవచ్చు. ఫైలును కంపెనీ సొంత వెబ్‌సైటు నుంచే తీసుకోవాలి. వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన ఫైలును ఎట్టి పరిస్థితిలోనూ ఎక్కించవద్దు. విడుదల వివరాలు చదవండి, మరీ పాత ఫర్మ్‌వేర్ నుంచి నేరుగా కొత్తదానికి వెళ్లకుండా మధ్యలో ఒకటి ఎక్కించమని కొన్నిసార్లు రాస్తారు. అమరికలన్నీ ఒక ఫైలుగా ఎగుమతి చేసి దాచుకోండి. ఆ తర్వాత కరెంటు సంగతి. ఫర్మ్‌వేర్ ఫ్లాష్ మెమరీలోకి ఎక్కుతున్న ఆ కొద్ది నిమిషాల్లో కరెంటు పోతే కెమెరా మళ్లీ లేవకపోవచ్చు. ఒక ఏప్రిల్ మధ్యాహ్నం, యూపీఎస్ లేని స్విచ్ మీద నేను అప్‌డేట్ మొదలుపెట్టాను. తెర మీద గీత 70 శాతం దగ్గర ఉండగా ఫ్యాను నెమ్మదించింది. ఆ చప్పుడు ఆగిపోవడం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. లిఫ్టు ముందున్న ఆ కెమెరా మరి పనిచేయలేదు, కొత్తది నా డబ్బుతో కొనిచ్చాను. అప్పటి నుంచి స్విచ్, రౌటరు, నా ల్యాప్‌టాప్ మూడూ యూపీఎస్ మీద ఉంటే తప్ప ఆ బటను నొక్కను.

ముందు ఒక్క కెమెరాకు చేసి రెండు మూడు రోజులు గమనించాలి, ముఖ్యంగా రాత్రి పూట. సమయం సరిగా ఉందా, రికార్డింగు డిస్కు మీదికి నిజంగా వెళ్తోందా, కదలికను గుర్తించే హద్దులు చెరిగిపోయాయా, మనం ఆపేసిన యూపీఎన్‌పీ మళ్లీ ఆన్ అయిందా అని చూశాకే మిగిలినవాటికి చేయాలి. రికార్డరుకు దాని ఫర్మ్‌వేర్ వేరే ఉంటుంది, దాన్ని మరవవద్దు. మూడు నెలలకోసారి చాలు. తేదీ, మోడలు, పాత వెర్షన్, కొత్త వెర్షన్, చేసినవారి సంతకం, ఇవి రాసే పుస్తకం ఒకటి వాచ్‌మన్ గదిలో ఉండాలి. అదే రోజున నిన్నటి రికార్డింగు ఒక నిమిషం తెరిచి చూసి ఆ పుస్తకంలోనే రాయాలి. ఈ పనికి సంఘాలు వార్షిక మెయింటెనెన్స్ ఒప్పందంలో విడిగా డబ్బు కేటాయించాలి. కెమెరా అద్దం తుడవడానికి డబ్బిచ్చి, దాని లోపలి వ్యవస్థను సరిచూడటం ఉచితంగా జరగాలని ఆశించడం న్యాయం కాదు.

కొత్తవి కొనేటప్పుడు కెమెరాతో పాటు అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో కూడా అడిగి కొనండి. మన దేశంలో 2025 ఏప్రిల్ 9 నుంచి సీసీ కెమెరాలు అమ్మాలంటే భద్రతా పరీక్షలు దాటాలనే నిబంధన అమలైంది. ఫర్మ్‌వేర్‌కు కంపెనీ డిజిటల్ సంతకం ఉండాలి, డేటా సంకేత రూపంలో వెళ్లాలి, బోర్డు మీద లోపలికి దారి తీసే పోర్టులు మూసి ఉండాలి. డీలరును ఆ మోడలు ధ్రువీకరణ చూపించమని అడగండి. గోదాములో మిగిలిన పాత సరుకును తగ్గింపు ధరకు ఇస్తామంటే, దానికి ఇక అప్‌డేట్ రాకపోవచ్చని తెలిసి నిర్ణయించుకోండి.

అప్‌డేట్లు ఆగిపోయిన కెమెరాను ఇంటర్నెట్‌కు తగలకుండా లోపలి నెట్‌వర్క్‌లో కొన్నాళ్లు వాడుకోవచ్చు, ఆ తర్వాత దింపేయాలి. దింపిన రికార్డరును పాత సామాన్ల వాడికి అలాగే ఇచ్చేయడం చూశాను. అందులోని డిస్కులో మీ గేటు దగ్గర నెలల తరబడి ఎవరు ఏ వేళకు వచ్చారో, ఏ ఇంటి వారు ఎప్పుడు ఊరు వెళ్లారో అంతా ఉంటుంది. ముందు యాప్ ఖాతా నుంచి రికార్డరును తొలగించి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, నాలుగు మరలు విప్పి ఆ డిస్కును బయటికి తీయండి. తిరిగి వాడదలచుకుంటే పూర్తిగా చెరిపి వాడండి, లేదంటే డ్రిల్లుతో మూడు చోట్ల రంధ్రాలు పెట్టాకే పెట్టెను బండి ఎక్కించండి.